అడ్డు చెప్పిన నియమం ఏది?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కమీషన్ కొట్లలో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది. యజమాని కూర్చునే చోట ఒక కంప్యూటర్, లోపల గుమస్తాల దగ్గర మరో రెండు మూడు, వాటన్నిటినీ కలుపుతూ గోడకు బిగించిన చిన్న స్విచ్చు. లెక్కలు ట్యాలీలో. డేటా అంతా ఒకే సిస్టమ్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని ‘సర్వర్’ అంటారు. ఒకరోజు పొద్దున్నే గుమస్తా తన సిస్టమ్‌లో ట్యాలీ తెరుస్తాడు. కంపెనీ తెరుచుకుంటుంది, నిన్నటి పద్దులన్నీ కనిపిస్తాయి, కానీ తెర మీద ‘ఎడ్యుకేషనల్ మోడ్’ అని ఉంటుంది, అంటే ట్యాలీకి తన లైసెన్సు దొరకలేదు. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకు తప్ప వోచరు వేయడం కుదరదు. సరుకు దిగే సీజన్లో ఇలా జరిగితే కొట్లో పని నిలిచిపోయినట్టే.

ఎవరికైనా ఫోన్ చేస్తే వచ్చే మొదటి సలహా ఒకటే: “ఫైర్‌వాల్ ఆఫ్ చేసెయ్యండి సార్, వచ్చేస్తుంది.” చాలాసార్లు నిజంగానే వచ్చేస్తుంది. ఆ సలహాతో ఉన్న ప్రమాదమంతా అందులోనే ఉంది. పని జరిగిపోయింది కాబట్టి దాన్ని తిరిగి ఆన్ చేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ సిస్టమ్ అలాగే ఏళ్ల తరబడి ఏ కాపలా లేకుండా నడుస్తుంది. అడ్డుపడింది ఒక్క నియమమైతే మొత్తం కాపలానే తీసేయాల్సిన పని లేదు. ఆ నియమం ఏదో కనిపెట్టడానికి పదిహేను నిమిషాలు పట్టవచ్చు, అంతే.

అసలు పద్దులు కనిపించి లైసెన్సు కనిపించకపోవడం ఏమిటి? నెట్‌వర్కులో ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌ని పలకరించాలంటే దాని ఐపీ అడ్రసు ఒక్కటే చాలదు, పోర్టు నంబరు కూడా కావాలి. ఈ నంబర్లు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో నంబరు దగ్గర కాచుకుని ఉంటుంది. వెబ్‌సైట్లు 443 దగ్గర, విండోస్‌లో షేర్ చేసిన ఫోల్డర్లు 445 దగ్గర, రిమోట్ డెస్క్‌టాప్ 3389 దగ్గర, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 3306 దగ్గర. మన కొట్లోని గుమస్తా సిస్టమ్ పద్దులను షేర్ చేసిన ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటోంది, అంటే 445 ద్వారా. లైసెన్సు కోసం మాత్రం సర్వర్‌లోని లైసెన్సు సేవను అడగాలి. అది మామూలుగా 9999 దగ్గర వింటుంది. ఫోల్డర్ షేర్ చేసిన రోజున విండోస్ తనంతట తానే 445కి అనుమతి ఇచ్చుకుంది. 9999కి అనుమతి ఎవరూ ఇవ్వలేదు, లేదా ఇచ్చింది ఏదో కారణాన చెల్లకుండా పోయింది. ఒకే సాఫ్ట్‌వేర్, రెండు దారులు, ఒకటే మూసుకుపోయింది. ఇంత స్పష్టమైన ఆధారం తెర మీదే ఉంటే ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

విండోస్ ఫైర్‌వాల్ పాటించే మూల సూత్రం చిన్నది. లోపలి నుంచి బయటికి వెళ్లే పిలుపును ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప వెళ్లనిస్తుంది. బయటి నుంచి లోపలికి వచ్చే పిలుపును ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప రానివ్వదు. మరి మనం తెరిచిన వెబ్‌సైటు నుంచి పేజీ లోపలికి ఎలా వస్తోంది? మనమే ఉత్తరం రాశాం కాబట్టి దానికి వచ్చే జవాబును పోస్టులో అందుకోవడంలో వింత లేదు. ఫైర్‌వాల్ మనం ఎవరికి, ఏ పోర్టు నుంచి రాశామో గుర్తుపెట్టుకుని, ఆ జవాబును మాత్రమే లోపలికి పంపుతుంది. రాయని ఉత్తరానికి జవాబంటూ ఏదైనా వస్తే పారేస్తుంది.

ఈ సూత్రం అర్థమైతే సగం చిక్కు విడిపోతుంది. గుమస్తా సిస్టమ్ బయటికి పిలుస్తోంది. దానికి అడ్డు లేదు. సర్వర్‌కి ఆ పిలుపు లోపలికి వచ్చేది. అడ్డు అక్కడ. తప్పు కనిపించేది ఒక సిస్టమ్‌లో, దాని కారణం ఉండేది ఇంకో సిస్టమ్‌లో. చాలామంది తప్పు కనిపించిన చోటే గంటల తరబడి వెతుకుతారు. గుమస్తా సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఆ సిస్టమ్ ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు, ఏమీ మారదు. చూడాల్సింది సర్వర్‌ని.

ఈ కాపలా ఊరికే రాలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది గానీ దాన్ని ఆన్ చేసి ఇవ్వలేదు. 2003 ఆగస్టులో ‘బ్లాస్టర్’ అనే పురుగు 135వ పోర్టు గుండా ప్రపంచమంతా పాకింది. ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఇంటర్నెట్‌కి కలిపి ఉంటే చాలు. తెర మీద 60 సెకన్ల లెక్క మొదలై కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ అంతకు ముందు నెలలోనే వచ్చింది, కానీ వేసుకున్నవాళ్లు తక్కువ. మరుసటి ఏడాది, 2004 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 విడుదల చేసింది. అందులో ఫైర్‌వాల్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. ప్రోగ్రాములకు అనుమతి అడిగే పెట్టె లక్షలాది మామూలు జనానికి ఎదురైంది అప్పటి నుంచే.

2017 మే 12న ‘వన్నాక్రై’ వచ్చింది. ఇది నడిచింది 445వ పోర్టు మీద, అంటే మన కొట్లో పద్దులు నడిచే దారిలోనే. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించి కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దీనికీ ప్యాచ్ మార్చిలోనే వచ్చి ఉంది. ప్యాచ్ వేయని సిస్టమ్‌ని కూడా కొంతమేర కాపాడగలిగేది ఫైర్‌వాలే. ‘ఆఫ్ చేసెయ్యండి’ అనే ముందు ఈ రెండు సంగతులు గుర్తుండాలి.

ఇప్పుడు వెతుకులాట. మొదట సర్వర్ దగ్గర కూర్చుని, ఆ సాఫ్ట్‌వేర్ అసలు వింటోందా అని చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌స్టాట్’ ఆదేశాన్ని ‘ఏఎన్ఓ’ అన్న అక్షరాల ఐచ్ఛికంతో ఇస్తే, ఏయే పోర్టుల దగ్గర ప్రోగ్రాములు కాచుకుని ఉన్నాయో జాబితా వస్తుంది. అందులో మన పోర్టు నంబరు ‘లిజనింగ్’ అన్న స్థితిలో కనిపించాలి. కనిపించకపోతే ఫైర్‌వాల్‌తో పని లేదు, ఆ సేవే మొదలు కాలేదు. కనిపిస్తే దాని పక్కన ఉన్న అడ్రసు చూడాలి. 0.0.0.0 అని ఉంటే ఎవరు పిలిచినా వింటుంది. 127.0.0.1 అని ఉంటే తన సిస్టమ్‌లోని ప్రోగ్రాములు పిలిస్తేనే వింటుంది. రెండోదైతే ఫైర్‌వాల్‌ని పూర్తిగా తీసేసినా పక్క సిస్టమ్ నుంచి అందదు. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోనే మార్చాలి. సర్వర్‌లో పనిచేస్తూ పక్క సిస్టమ్‌లో పనిచేయదన్న ఫిర్యాదులకు ఇదొక ముఖ్య కారణం. అయినా నింద మాత్రం ఫైర్‌వాల్ మీదే పడుతుంది.

తర్వాత గుమస్తా సిస్టమ్‌కి వెళ్లాలి. అందరూ ముందు ‘పింగ్’ కొట్టి చూస్తారు. నేనైతే దాన్ని అంతగా నమ్మను. పింగ్‌కి పోర్టు అంటూ ఉండదు, దాని నియమం వేరు. పింగ్‌ని ఆపి పోర్టును అనుమతించవచ్చు, పింగ్‌కి జవాబిచ్చి పోర్టును ఆపవచ్చు. పింగ్ వచ్చిందంటే తీగ బాగుందని, ఆ అడ్రసులో కంప్యూటర్ ఉందని తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. పోర్టునే అడగాలంటే పవర్‌షెల్‌లో ‘టెస్ట్ నెట్‌కనెక్షన్’ అన్న ఆదేశం ఉంది. సర్వర్ ఐపీ, పోర్టు నంబరు ఇస్తే కొన్ని సెకన్లలో అందిందో లేదో ‘ట్రూ’, ‘ఫాల్స్’ అని చెప్పేస్తుంది. ఇక్కడ కంప్యూటర్ పేరు వాడకుండా ఐపీ నంబరే ఇవ్వాలి. నంబరుతో అంది పేరుతో అందకపోతే తగువు పేరును నంబరుగా మార్చే చోట ఉంది, ఫైర్‌వాల్‌ది కాదు.

సాఫ్ట్‌వేర్ చూపించే తప్పు సంఖ్యల్లోనూ విషయం ఉంటుంది. విండోస్‌లో 10061 అంటే అవతలి కంప్యూటర్ దాకా పిలుపు వెళ్లింది, ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని జవాబూ వచ్చింది. 10060 అంటే జవాబే రాలేదు, చూసి చూసి విసిగిపోయింది. విండోస్ ఇలా సుమారు 20 సెకన్లు చూస్తుంది. ఆ 20 సెకన్ల మౌనం ఫైర్‌వాల్ గుర్తు. వద్దనుకున్న పిలుపుకు అది జవాబు ఇవ్వదు, చప్పుడు లేకుండా పారేస్తుంది. ఎదుటివాడికి ఇక్కడ కంప్యూటర్ ఉందన్న సంగతి కూడా తెలియకూడదని. కానీ ఒక మెలిక ఉంది. ఈ గుప్త పద్ధతిలో విండోస్ ఫైర్‌వాల్, ఏ ప్రోగ్రామూ వినని పోర్టుకు వెళ్లాల్సిన ‘ఎవరూ లేరు’ జవాబును కూడా ఆపేస్తుంది. అంటే సేవ మొదలు కాకపోయినా అవతల కనిపించేది అదే 20 సెకన్ల మౌనం. అందుకే నెట్‌స్టాట్ ముందు, ఈ పరీక్ష తర్వాత. ఈ వరుస తిరగేస్తే దారి తప్పుతాం.

సేవ వింటోంది, పోర్టు అందడం లేదు. ఇప్పుడు సర్వర్‌లోని ఫైర్‌వాల్ నియమాలు చూడాలి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడుతుంటారు.

ఒక కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి పోర్టు దగ్గర వినడానికి సిద్ధమైనప్పుడు విండోస్ ఒక పెట్టె చూపించి, దీన్ని అనుమతించాలా అని అడుగుతుంది. పనిలో ఉన్నవాళ్లు అదేమిటో చదవకుండా ‘క్యాన్సిల్’ నొక్కుతారు. ‘తర్వాత చూద్దాం’ అన్నది వాళ్ల ఉద్దేశం. విండోస్ దాన్ని అలా తీసుకోదు. ఆ ప్రోగ్రామ్‌కి వర్తించేలా, నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే రెండు పద్ధతులైన టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి చొప్పున నిషేధ నియమాలు రాసి పెట్టుకుంటుంది. మళ్లీ అడగదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతాలో ఉన్నవాళ్లకైతే చాలా సందర్భాల్లో పెట్టె కూడా రాదు, నిషేధాలు మాత్రం పడిపోతాయి.

కొన్నాళ్లకు ఎవరో వచ్చి అదే ప్రోగ్రామ్‌కి చక్కగా అనుమతి నియమం రాస్తారు. పని జరగదు. ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్‌లో ఒకే పిలుపుకు అనుమతి, నిషేధం రెండూ వర్తిస్తే నిషేధానిదే పైచేయి. ఎన్ని అనుమతులు కొత్తగా చేర్చినా పాత నిషేధం ముందు అవి చెల్లవు. చివరికి విసిగి ఫైర్‌వాల్ ఆపేస్తారు, పనిచేస్తుంది, ‘ఈ ఫైర్‌వాలే చెడ్డది’ అని తేల్చేస్తారు. నిజానికి అది, కొన్నాళ్ల కింద ఒక మనిషి చెప్పిన మాటను బుద్ధిగా పాటిస్తోంది. కాబట్టి అనుమతి రాసే ముందు ‘విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ తెరిచి, ‘ఇన్‌బౌండ్ రూల్స్’లోకి వెళ్లి, ఎర్రటి నిషేధ గుర్తు ఉన్న వరుసల్లో మన ప్రోగ్రామ్ పేరు ఉందేమో వెతకాలి. ఉంటే దాన్ని తీసేయాలి. చాలా కొట్లలో సమస్య అక్కడితో తీరిపోతుంది.

నిషేధం లేదు, ఆకుపచ్చ గుర్తుతో అనుమతి ఉంది, అయినా పని జరగడం లేదంటే? ఆ అనుమతి ఏ ప్రొఫైల్‌కి ఇచ్చారో చూడాలి. విండోస్ ప్రతి నెట్‌వర్క్‌ని మూడింటిలో ఏదో ఒకటిగా లెక్కేస్తుంది: డొమైన్, ప్రైవేట్, పబ్లిక్. పెద్ద ఆఫీసులకు మొదటిది, ఇల్లు, కొట్టు లాంటి నమ్మకమైన చోట్లకు రెండోది, రైల్వే స్టేషన్, హోటల్ వైఫై లాంటి వాటికి మూడోది. నియమం ప్రైవేట్‌కి రాసి ఉంటే, నెట్‌వర్క్ పబ్లిక్‌గా నమోదైన క్షణం నుంచి అది లేనట్టే లెక్క.

కొట్లో ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా ఇది మారిపోతుంది. విండోస్ ఒక నెట్‌వర్క్‌ని గుర్తుపట్టడానికి రౌటర్ హార్డ్‌వేర్ అడ్రసును ఆధారంగా తీసుకుంటుంది. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టి వెళ్తారు. తీగలు అవే, సిస్టమ్‌లు అవే, ఐపీలు కూడా అవే కావచ్చు, కానీ విండోస్‌కి అది కొత్త చోటు. విండోస్ 10, 11లో కొత్త నెట్‌వర్క్ అంటే మామూలుగా పబ్లిక్. మర్నాటి నుంచి సాఫ్ట్‌వేర్ పనిచేయదు. “మేమేమీ మార్చలేదండీ” అన్న గుమస్తా మాట అబద్ధం కాదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీకి వెళ్లి పబ్లిక్‌ని ప్రైవేట్‌గా మారిస్తే పాత నియమాలన్నీ తిరిగి పనిలోకి వస్తాయి. “నిన్నటిదాకా బాగానే ఉంది” అని ఎవరైనా అంటే రౌటర్ మార్చారా అన్నదే నా మొదటి ప్రశ్న.

ఇంకో కారణం ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్. అనుమతి నియమం ప్రోగ్రామ్ పేరు మీద ఉండదు, అది డిస్కులో ఎక్కడుందో ఆ పూర్తి దారి మీద ఉంటుంది. అప్‌డేట్ వచ్చి కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో దిగితే, అనుమతి పాత ఫోల్డర్‌నే పట్టుకుని ఉంటుంది. జావా మీద నడిచే సాఫ్ట్‌వేర్లకు ఇది మరీ ఎక్కువ. విండోస్ కళ్లకు అక్కడ వినే ప్రోగ్రామ్ మన సాఫ్ట్‌వేర్ కాదు, జావా. జావా వెర్షన్ మారితే దారి మారుతుంది, అనుమతి ఎగిరిపోతుంది.

ఆసుపత్రుల బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్లలో చాలావాటి వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. దాని కథ కొంచెం వేరు. ఎక్స్‌ప్రెస్ వెర్షన్లో నెట్‌వర్క్ మీద వినే సదుపాయమే మొదట ఆపి ఉంటుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో టీసీపీ ఐపీని ఎనేబుల్ చేసి సేవను తిరిగి మొదలుపెట్టాలి. పేరు పెట్టిన ఇన్‌స్టెన్స్ అయితే పోర్టు స్థిరంగా ఉండదు, సేవ మొదలైనప్పుడల్లా మారవచ్చు. ప్రస్తుతం ఏ పోర్టులో ఉందో చెప్పడానికి బ్రౌజర్ అనే మరో సేవ యూడీపీ 1434 దగ్గర ఉంటుంది. అది మూసుకుపోతే ‘ఎర్రర్ 26’ అని, ఆ ఇన్‌స్టెన్స్ ఎక్కడుందో దొరకలేదని చెబుతుంది. కొంతమంది ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మామూలుగా వాడే 1433 పోర్టు తెరిచి ఎందుకు పనిచేయడం లేదని తల పట్టుకుంటారు. మేలైన పద్ధతి, డేటాబేస్‌కి ఒకే పోర్టు ఖాయం చేసి, ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వడం.

విండోస్ ఒక్కటే కాదు. మాక్ సిస్టమ్‌లు వాడేవాళ్లకు 2024లో వచ్చిన సెకోయా వెర్షన్ నుంచి ‘లోకల్ నెట్‌వర్క్’ అనే అనుమతి కొత్తగా ఎదురవుతోంది. ప్రైవసీ సెట్టింగుల్లో ఆ యాప్ పక్కన మీట ఆఫ్‌లో ఉంటే, పక్క గదిలోని సర్వర్‌ని కూడా అది చూడలేదు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది గానీ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఫెడోరాలో ఫైర్‌వాల్‌డీ మొదటి నుంచే ఆన్. ఇక యాంటీవైరస్ సొంత ఫైర్‌వాల్‌తో వస్తే విండోస్ నియమాల పట్టికను ఎంత దిద్దినా లాభం ఉండదు. నిర్ణయాలు తీసుకునేది ఆ యాంటీవైరస్ కాబట్టి దాని సెట్టింగుల్లోనే చూడాలి. గుమస్తా ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే కథ. గెస్ట్ అంటేనే లోపలి సిస్టమ్‌లు కనిపించకుండా రౌటర్ అడ్డుపెట్టే ఏర్పాటు.

ఇవన్నీ చూసినా అంతు చిక్కకపోతే ఫైర్‌వాల్‌నే అడగవచ్చు. తను ఏది ఆపిందో రాసి పెట్టమంటే అది రాస్తుంది. ప్రొఫైల్ ప్రాపర్టీస్‌లో లాగింగ్ దగ్గర ‘డ్రాప్డ్ ప్యాకెట్స్’ని ‘యెస్’ అని పెట్టి, గుమస్తా సిస్టమ్ నుంచి ఒకసారి ప్రయత్నించి, లాగ్ ఫైలు తెరిస్తే వరుసలు కనిపిస్తాయి. తేదీ, సమయం, ‘డ్రాప్’, ‘టీసీపీ’, ఆ తర్వాత పిలిచిన ఐపీ 192.168.1.12, పిలిపించుకున్న ఐపీ 192.168.1.10, పిలిచిన పోర్టు 51544, పిలిపించుకున్న పోర్టు 9999. ఈ ఒక్క వరుస దొరికితే ఊహలతో పని లేదు. మన ప్రయత్నం చేసిన సమయానికి లాగ్‌లో వరుసే పడకపోతే పిలుపు సర్వర్ దాకా రాలేదని అర్థం. అప్పుడు రౌటర్, కేబుల్, గెస్ట్ వైఫై, వేరే ఐపీ వరుసలో ఉన్న రెండో రౌటర్, ఇలా బయట వెతకాలి.

పరీక్ష కోసం ఒక్క నిమిషం ఫైర్‌వాల్ ఆపి చూడటం తప్పా? ఇంటర్నెట్ తీగ ఊడదీసి, చూసి, వెంటనే ఆన్ చేసేస్తే తప్పు లేదు. కానీ ‘సర్వీసెస్’లోకి వెళ్లి ఫైర్‌వాల్ సేవనే ఆపేయడం మాత్రం వద్దు. మైక్రోసాఫ్ట్ దాన్ని సమర్థించదు. అలా చేస్తే స్టార్ట్ మెనూ మొరాయించడం, స్టోర్ యాప్‌లు ఇన్‌స్టాల్ కాకపోవడం లాంటి సంబంధం లేని తిప్పలు మొదలవుతాయి.

కారణం దొరికాక రాసే అనుమతి ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ప్రోగ్రామ్ దారి ఇవ్వండి, పోర్టు ఇవ్వండి, ప్రొఫైల్ ప్రైవేట్ ఒక్కటే టిక్ చేయండి, ‘స్కోప్’లో రిమోట్ అడ్రసు దగ్గర ‘లోకల్ సబ్‌నెట్’ పెట్టండి. దీంతో కొట్లోని సిస్టమ్‌లకు తప్ప బయటివాళ్లకు ఆ పోర్టు లేనట్టే. నియమానికి పేరు పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు, పోర్టు నంబరు, రాసిన తేదీ కలిపి పెడితే రెండేళ్ల తర్వాత వచ్చినవాళ్లకు వెతుకులాట ఉండదు.

సాఫ్ట్‌వేర్ అమ్మి, బిగించి వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. మీ ప్రోగ్రామ్‌కి ఏయే పోర్టులు కావాలో, అవి టీసీపీవో యూడీపీవో, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉంటుందో ఒక కాగితం మీద తెలుగులో రాసి కొనుగోలుదారు చేతికివ్వండి. కొనేవాళ్లు కూడా బిల్లుతోపాటు ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇక మీ కొట్లోనో ఆఫీసులోనో ఎవరో ఎప్పుడో ఫైర్‌వాల్ ఆపేసి వెళ్లి ఉంటే, పని ఒత్తిడి లేని ఒక సాయంత్రం చూసుకుని దాన్ని తిరిగి ఆన్ చేయండి. ఏది ఆగిపోతే దానికి మాత్రమే అనుమతి రాయండి.